ఉప్పుటేటి బురదతో నోయిడా దాకా

సామర్లకోటలో రైలు పొద్దున పదిన్నరకి. నేను తొమ్మిదింటికే ప్లాట్‌ఫారం మీద వాలిపోయాను. నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఢిల్లీ వెళ్తూ, అదీ ఒక కమిటీ ముందు మాట్లాడటానికి వెళ్తూ, ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? చేతిలో బట్టల బ్యాగు, భుజాన పులిహోర సంచీ, కాళ్ళ దగ్గర రొయ్యల వాళ్ళు వాడే తెల్ల థర్మాకోల్ పెట్టె. ఆ పెట్టెలో రెండు డబ్బాల బురద.

బురద ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. మా ఊరికి దగ్గర్లో, మడ అడవి మధ్యలో, ఒక ఉప్పుటేరు ఉంది. ఒకప్పుడు గోదావరి కాలువల చివరి నీళ్ళు అందులో కలిసేవి. ఆ నీళ్ళు రావడం తగ్గిపోయాక ఏరు మరీ ఉప్పెక్కి, మడ చెట్లు నిలువునా ఎండిపోసాగాయి. రెండేళ్ళ క్రితం ప్రయోగంగా ఒక తూము కట్టి కాలువ నీళ్ళను మళ్ళీ ఏట్లోకి వదిలారు. దానివల్ల ఏట్లో ఏం మారుతుందో కనిపెట్టి చూసే పని మా కాలేజీకి, అందులో నాకు, అప్పగించారు. ఈ నెలతో గడువు తీరిపోతుంది. తూము తెరిచే ఉంచాలా, మూసేసి ఆ నీళ్ళు ఇంకెవరికైనా ఇవ్వాలా అన్నది నోయిడాలోని ఒక పరిశోధనా సంస్థలో కూర్చునే కమిటీ తేలుస్తుంది. నాకు పావుగంట ఇచ్చారు. దాంతోపాటు తూమున్న ఏటి నుంచి ఒక డబ్బా, తూము లేని పక్క ఏటి నుంచి ఒక డబ్బా బురద, అందులోని జీవాలు చావకుండా పట్టుకురమ్మన్నారు.

మీలో ఎవరికైనా ఇలాంటి సామాను మోసే యోగం పడితే ఒక సలహా. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. నీళ్ళ సీసాలు గడ్డకట్టించి డబ్బాల పక్కన పెట్టండి. ఏసీ బోగీలో టికెట్టు తీసుకుంటే ఇంకా మంచిది. నేను తీసుకున్నది థర్డ్ ఏసీ. నాకు పై బెర్తు వచ్చింది, పెట్టెకి మాత్రం కింద చోటు దొరికింది.

ఎదుటి బెర్తులో తునిలో ఎక్కిన పెద్దాయన ఉన్నారు. రైలు కదిలిన దగ్గర్నుంచి ఆయన చూపంతా పెట్టె మీదే.

"రొయ్యలేనాండీ?" అని అడిగేశారు చివరికి.

"కాదండీ, బురద."

"బురదా! ఏం, ఢిల్లీలో దొరకదేటండీ బురద?"

నేను నవ్వి సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే రొయ్యలు లేవన్నమాట," అని నిట్టూర్చి పడుకున్నారు.

విజయవాడలో పులిహోర ముగించి, పెరుగన్నం రాత్రికి దాచాను. వరంగల్‌లో శ్రవణ్ అనే కుర్రవాడు ఎక్కాడు. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడట. వాళ్ళ గది ఎంత ఉంటుందని అడిగితే, "మంచం ఎంతుంటదో గదంత ఉంటది మేడం," అన్నాడు. నా పని సంగతి వినగానే హుషారొచ్చింది. "ఎస్ట్యూరీ మా సిలబస్‌ల ఉన్నది మేడం. నది సముద్రంల కలిసే జాగ. తీపినీళ్ళు, ఉప్పునీళ్ళు కలుస్తయి, చేపలు పిల్లలు పెట్టేదానికి మంచిగుంటది. రెండు పేజీలు రాస్త. కానీ ఒక్కసారి గూడ చూడలే."

పరీక్షయ్యాక మా ఊరు రమ్మన్నాను. ఫోన్లో ఏటి ఫొటోలు చూపించాను. చూపిస్తూ చూపిస్తూ నేనే మురిసిపోయాను.

తెల్లవారేసరికి భోపాల్. అక్కడ ప్లాట్‌ఫారం మీద అమ్మే పోహా, అదే అటుకుల ఉప్మా, తప్పకుండా తినండి. పైన సన్నటి సేవ్, నిమ్మరసం, వేడివేడిగా ఇస్తారు. ఝాన్సీ దాటాక కిటికీలో పొలాలు మసకబారాయి. ఢిల్లీ నవంబరు పొగ అంటే ఇదేనని శ్రవణ్ చెప్పాడు. ఆగ్రాలో పేఠా అనే బూడిదగుమ్మడి మిఠాయి అమ్మేవాళ్ళ అరుపులు, తర్వాత మథుర. సాయంత్రం ఐదింటికి నిజాముద్దీన్‌లో దిగాం. శ్రవణ్ నా పెట్టె మెట్రో దాకా మోసి, తన మెట్రో కార్డు పెట్టి లోపలికి పంపబోయాడు. సెక్యూరిటీ దగ్గర మాత్రం నేనే నిలబడాల్సి వచ్చింది.

"ఇస్మే క్యా హై?" అంది అక్కడున్న అమ్మాయి పెట్టె చూపిస్తూ.

"మిట్టీ," అన్నాను, మట్టి అని.

"కహా కీ మిట్టీ?"

"సముందర్ కీ," అన్నాను. నా హిందీ అంతవరకే. ఆ అమ్మాయి మూత కొంచెం ఎత్తింది, మా ఏటి వాసన గుప్పుమంది. "జాయియే మేడం, జల్దీ జాయియే," అని మూత పెట్టేసింది.

ఇక్కడ దారి సులువు. నిజాముద్దీన్ నుంచి పింక్ లైను ఎక్కితే ఆనంద్ విహార్, అక్కడ మారి బ్లూ లైనులో వైశాలి, బయట ఆటో ఎక్కితే ఇందిరాపురం. ఆటో ఆయనకి అడిగినంత ఇచ్చేయకండి, నేను ఇచ్చేసి సుజాత చేత తిట్లు తిన్నాను.

సుజాత డిగ్రీలో నా క్లాస్‌మేట్. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు చేస్తుంది, అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. పదిహేనేళ్ళకి పైగా ఇక్కడే ఉంటోంది. తలుపు తీస్తూనే, "ఏమే పద్మా, రొయ్యలు తెచ్చావా!" అంది. పదమూడేళ్ళ కూతురు అనన్య పెట్టె చుట్టూ తిరిగి, "ఆంటీ, యే సబ్ జిందా హై క్యా?" అని అడిగింది. బతికే ఉన్నాయని నేను తెలుగులో చెప్పాను, ఆ పిల్లకి అర్థమైంది.

భోజనాలయ్యాక సుజాతని కమిటీ అనుకోమని సోఫాలో కూర్చోబెట్టి నా పావుగంట ప్రసంగం మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో, ఏట్లో ఉప్పెంతుందో చెప్పే గ్రాఫు గీత చూపించాను. నన్ను రెండేళ్ళుగా కుదురుగా ఉండనివ్వనిది ఆ గీతే. తూమున్న ఏటి గీతా, తూము లేని ఏటి గీతా దాదాపు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు ఉంటాయి. ఎండిన చెట్ల మొదళ్ళలో చిగుళ్ళు వస్తున్నాయి, పీతలు పట్టేవాళ్ళు సంతోషంగా ఉన్నారు, ఉప్పు గీత మాత్రం కిందికి దిగదు. "మార్పు మెల్లగా వస్తుంది" అని ఒక మాట తయారుగా పెట్టుకున్నాను.

"ఆగు," అంది సుజాత. "ఈ రీడింగులన్నీ ఒకే కండిషన్‌లో తీశారా?"

"ఆ! ఎప్పుడూ పోటులోనే," అన్నాను గర్వంగా. సముద్రం ఏట్లోకి ఎక్కి రావడాన్ని మావైపు పోటంటారు, దిగిపోవడాన్ని పాటంటారు.

"మరి పాటులో?"

"పాటులో పడవ నడవదే. బురదలో దిగబడిపోతుంది."

"అచ్ఛా. అంటే ఏరు నిండా సముద్రం ఉన్నప్పుడే వెళ్ళి, ఉప్పు తగ్గిందా అని చూశారు. అది వెళ్ళిపోయాక కాలువ నీళ్ళు మిగిలే టైములో ఒక్కసారీ చూడలేదు. అంతేనా?"

మావైపు ఏట్లోకి వెళ్ళడమంటేనే పోటుతో వెళ్ళడం. పీతలవాళ్ళు, వలలవాళ్ళు, తేనె తీసేవాళ్ళు, అందరూ పోటుతో లోపలికి పోతారు, నీళ్ళు వెనక్కి తిరిగేలోపు బయటపడతారు. నేనూ నా విద్యార్థులూ వాళ్ళ పడవల్లోనే వెళ్ళాం కాబట్టి వాళ్ళలాగే వెళ్ళాం. ఇంకోలా వెళ్ళొచ్చని ఎవరికీ తట్టలేదు. రేపు కమిటీలో ఎవరో ఒకరు ఇదే ప్రశ్న వేస్తే తూము మూసేసినట్టే. వెయ్యకపోయినా, ఆ గీత చూసి మూసేస్తారు.

ఒక్క గుక్క నీళ్ళు తాగి కూర్చున్నాను. అంతలో ఎగిరి గంతేసినంత పని చేశాను. "సుజీ! గుల్లలకి పడవలు లేవే!"

"పిచ్చెక్కిందా?"

"బురదలో చిప్పల మధ్య బతికే గుల్ల ఎక్కడికీ పోదు. పోటొచ్చినా అక్కడే, పాటొచ్చినా అక్కడే. నేను చూడని టైమంతా అది చూసింది. నీళ్ళు నిజంగా మారితే దాని బతుకు మారాలి. పెట్టెలో ఉన్నది అదే!"

అనన్య వెంటనే జల్లెడ తెస్తానని వంటింట్లోకి పరుగెత్తింది. నాకూ చేతులు దురదపెట్టాయి. కానీ ఇక్కడ తెరిచి కెలికేస్తే రేపు ఎవరూ నమ్మరు. లోపల ఏముందో నాకూ తెలియదు. ఒడ్డున పారతో తీసి మూతపెట్టిన బురద అది. తెరవకుండా పడుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

పొద్దున సుజాత ఆఫీసు క్యాబులోనే నన్నూ నోయిడా తీసుకెళ్ళి సంస్థ గేటు దగ్గర దింపింది. లేబొరేటరీ చూసే మిశ్రా మేడం మంచి మనిషి, ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. బురదని కమిటీ ముందే కడగాలని అడిగాను.

"కమిటీ ముందా? కీచడ్?" అని గలగలా నవ్వింది. "ఠీక్ హై. వాళ్ళకీ కాలక్షేపం."

మీటింగు మధ్యాహ్నం రెండున్నరకి. అధ్యక్షులు రిటైరైన ఇంజనీరు, తక్కువ మాట్లాడే మనిషి. నేను గీత చూపించి, ఆయన నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను. మా పడవలు పోటులోనే నడుస్తాయి, కాబట్టి ఈ రీడింగులన్నీ పోటులో తీసినవే, ఈ గీత తూము గురించి ఏమీ చెప్పదు, అన్నాను.

"అంటే రెండేళ్ళ రీడింగులు పనికిరావంటారా?" అన్నారాయన.

"సముద్రం గురించి పనికొస్తాయి సార్. తూము గురించి కాదు."

చేతులకి గ్లవుజులు తొడుక్కున్నాను. ముందు తూము లేని ఏటి డబ్బా. జల్లెడలో పోసి నీళ్ళతో మెల్లగా కడిగాను. తెల్లగా పాలిపోయిన ఖాళీ చిప్పలు, నాలుగైదు ఎర్ర పురుగులు. అంతే. మిశ్రా మేడం పురుగుల్ని వేరే గిన్నెలోకి తీసింది.

రెండో డబ్బా పోశాను. బురద పలచబడి కిందికి జారుతుంటే జల్లెడ మీద గలగలమని చప్పుడు. చిన్న చిన్న గుల్లలు! గోటి మీద పట్టేంతవి, కంది బద్దంతవి, ఇంకా చిన్నవి. తడి తగలగానే ఒకటి చిప్పల సందులోంచి తెల్లటి పాదం బయటపెట్టింది. నేను సభామర్యాద మరిచి తెలుగులో "అమ్మో, బతికే ఉన్నాయి!" అని అరిచాను. అధ్యక్షులు కుర్చీలోంచి లేచొచ్చి, కళ్ళజోడు తీసి జల్లెడ మీదికి వంగారు. ఇవి ఈ ఏడాది పుట్టిన పిల్లలేనని, నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే ఈ రకం గుల్ల పిల్లలు బురదలో నిలదొక్కుకోలేవని మిశ్రా మేడం వివరించింది. ఒక సభ్యుడు మాత్రం, ఒక్క డబ్బాతో ఎలా నమ్ముతాం, ఆ చోట అనుకోకుండా ఉండొచ్చు కదా అన్నాడు. న్యాయమైన మాట. అవునని ఒప్పుకున్నాను. నిర్ణయం తర్వాత చెప్తామన్నారు.

ఆ రాత్రి సుజాత గుత్తివంకాయ కూర వండింది. నేను తిన్నానో లేదో గుర్తులేదు.

తిరుగు రైలు మర్నాడు తెల్లవారుజామున నిజాముద్దీన్ నుంచే. ఇందిరాపురం నుంచి క్యాబు ముందురోజే మాట్లాడుకోండి, ఆ వేళకి మెట్రో ఉండదు. పొగమంచులో రైలు నెమ్మదిగా నడిచింది. ఆగ్రా దాటాక టీ తాగుతుండగా మిశ్రా మేడం ఫోన్ చేసింది. తూము ఇంకో ఏడాది తెరిచి ఉంచుతారట. షరతు ఒకటే. ఈసారి పాటులోనూ రీడింగులు తీయాలి, బురద ఇంకా చాలా చోట్ల కడగాలి.

కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే ఎదుటి సీటులో ఉన్న, భోపాల్ వెళ్తున్న ఆవిడ కంగారుపడి, "క్యా హువా దీదీ?" అంది. "అచ్ఛా హువా," అన్నాను. ఆవిడ నా చేతిలో ఒక పేఠా ముక్క పెట్టింది.

వెంటనే మా పడవ నడిపే నూకరాజుకి ఫోన్ చేశాను. సంగతి విని ఆనందంతో అరిచాడు. షరతు చెప్పగానే అరుపు ఆగిపోయింది.

"పాటులోనా మేడంగారూ? పడవ దిగబడిపోద్దండి!"

"పడవ వద్దు రాజూ. నడిచి వెళ్దాం."

"నడిచా! మోకాల్లోతు బురదండి. ఒకోచోట నడుం దాకా. మా తాతల కాలంలో కూడా పాటులో ఎవరూ లోపలికెళ్ళలేదండి."

"అందుకే వెళ్దాం."

"అయితే ముందు నేను దిగుతానండి, మీరు నా వెనకాల రండి," అన్నాడు.

ఢిల్లీలో ఏం చూశారని ఇంటికెళ్ళాక అందరూ అడుగుతారు. ఎర్రకోట చూడలేదు, కుతుబ్ మినార్ చూడలేదు. మా ఏరు రోజులో సగంసేపు ఎలా ఉంటుందో నేను ఇంతవరకూ చూడలేదని మాత్రం అక్కడ చూశాను. ఈ ఆదివారం చెప్పులు ఒడ్డున వదిలేసి, నూకరాజు వెనకాల ఆ నీళ్ళలో కాలు పెడతాను.