పన్నెండు నిమిషాల పెదనాన్న

ఖరగ్‌పూర్‌లో తన వల్ల ఒక్క రైలూ ఆలస్యం కానివ్వని గార్డు మా పెదనాన్న. అలాంటి మనిషిని, ఆయన సంవత్సరీకం నాడు, చుట్టాలందరి ముందూ సగం వేగానికి దించేసిన ఘనుణ్ణి నేనే. చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి.

ఆయన రిటైరైన రోజు దండలు వేసి, బ్యాండుతో మలంచా పేటలో ఉన్న ఇంటిదాకా నడిపించుకొచ్చారు. ఆ ఊరేగింపు తీసిన ఆరు నిమిషాల వీడియో క్యాసెట్టులో తప్ప పెదనాన్న ఇంకెక్కడా కదలడు. అందులోనూ అలవాటు ప్రకారం ఆయన ముందు, పెద్దమ్మ పదడుగులు వెనక. "ఒక్కసారైనా ఎనక్కి తిరిగి సూసినాడా?" అన్నది ఆవిడ జీవితకాలపు ఫిర్యాదు.

కొత్త టీవీలో వేస్తే ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు.

"బాగుసేత్తావేట్రా?" అంది పెద్దమ్మ.

"అదెంత పని!" అన్నాను. కంప్యూటర్లో పాత వీడియోలు బాగుచేసే విద్య నేర్చి అప్పటికి వారం. వారం రోజుల విద్వాంసుడికి అనుమానాలుంటాయా?

పాత క్యామెరా సెకనుకు యాభై సగం బొమ్మలు తీస్తుంది, గీత విడిచి గీత. నేను ప్రతి సగాన్నీ నిండు బొమ్మ చేశాను. బాగానే ఉంది. కానీ సెకనుకు యాభై నడపాల్సింది ఇరవై అయిదే నడిపాను. మొదటి బొమ్మ చూసి, గీతలు పోయాయని మురిసి, అక్కడితో ఆపేశాను.

సంవత్సరీకం భోజనాలయ్యాక టీవీ పెట్టాను. శబ్దం జోలికి నేను పోలేదు గనక బ్యాండు మోత ఆరు నిమిషాల్లో ముగిసి చక్కా పోయింది. పెదనాన్న మాత్రం సగం దారిలోనే ఉన్నాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు తాబేలైంది.

"ఎతో ఆస్తే కేనో?" అంది పక్కింటి బెంగాలీ దీదీ, ఇంత నెమ్మదేమిటని.

"సిగ్నల్ దొరక్క అన్నయ్య ఔటర్‌లో ఆగిపోనాడేటి?" అన్నాడు బాబాయి. ఇల్లంతా గొల్లుమంది.

పెదనాన్న ఇల్లు చేరేదాకా ఇవే నవ్వులు. సిగ్గుతో రిమోట్ అందుకున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండరా. అదిగో, సూడు."

గుమ్మం దగ్గర పెదనాన్న మెడ తిప్పాడు. దండల మీదుగా వెనక్కి వెతికాడు. పెద్దమ్మ కనబడ్డాక గాని గడప దాటలేదు. అసలు వేగంలో అది రెప్పపాటు. మేమెవ్వరం ఎన్నడూ చూడలేదు.

నేను రిమోట్ కింద పెట్టేశాను.

"రేపు సరిచేసి తెస్తాను పెద్దమ్మా," అన్నాను.

"సరిసేత్తే ఆరు నిమిషాలేనా?"

"ఆరే."

"అది సుట్టాలకి సూపించు. ఇది నాకుంచు."

ఆ పూటే పెదనాన్న ఫొటో ముందు చెంపలేసుకుని ఒట్టు పెట్టాను: చివరిదాకా చూసుకోకుండా ఈ జన్మలో ఎవరి వీడియో బయటపెట్టను. పెద్దమ్మ అడిగితే తప్ప.