అట్టలో లేని పువ్వు

ఈ సంగతి ఇంతకు ముందు ముగ్గురికి చెప్పబోయాను. ఒకాయన ఫోను చూసుకుంటూ ఊ కొట్టాడు. ఇంకొకాయన ‘ఎప్పటిదో గదప్పా, ఇప్పుడెందుకు’ అన్నాడు. నా భార్య సగం విని, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది. నా మాట మధ్యలో వదిలేసినవాళ్లను నేను మరిచిపోను. అది నా గుణం. మీరైనా చివరిదాకా కూర్చుంటారని రాస్తున్నాను. ఆరేళ్లుగా నా గుండె మీద ఒక బండ ఉంది. దాన్ని ఎత్తి పెట్టుకున్నది నేనే.

నేను అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. రాప్తాడు నుంచి రోజూ బండి మీద పోయి వస్తాను. రైతులు ఇంట్లో కూర్చుని ఫోనుతో బోరు మోటారు వేసుకునే ఏర్పాటు మాది. కుందుర్పి వైపు చీనీ, అదే బత్తాయి, తోటల వాళ్లు దాని మీదే ఆధారపడి ఉన్నారు. పొద్దున కరెంటు వచ్చిందంటే మోటార్లన్నీ ఒకేసారి మా కంప్యూటర్లను పిలుస్తాయి. ఆ పిలుపులు అందుకునే ప్రోగ్రాములను కంటెయినర్లనే చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి, కొన్ని యంత్రాల మీద పరిచి నడుపుతాం. ఒక డబ్బా పడిపోతే దాని చోట ఇంకొకటి దానంతటదే లేస్తుంది. ఈ మొత్తం గుంపును క్లస్టర్ అంటాం. ఎన్ని డబ్బాలుండాలి, ఒక్కోదానికి ఎంత మెమరీ ఇవ్వాలి, అంతా కోడ్‌గా రాసి పెట్టుకుంటాం. కోడ్‌ను నడిపితే క్లస్టర్ దాని ప్రకారం సర్దుకుంటుంది.

మాకున్న కట్టడి ఒకటే. క్లస్టర్‌లో ఎవరూ చేత్తో ఏదీ మార్చకూడదు. కోడ్‌లో మార్చాలి, ఇంకొకరు చూసి సరే అనాలి, ఆ తర్వాతే నడపాలి.

ఎందుకో నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది వేణి. అది ఆమె అసలు పేరు కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. నాకంటే రెండేళ్లు వెనక చేరి, నాకంటే ముందు మా టీముకు పెద్ద అయింది. అదీ నేను మరిచిపోలేదు. మగ్గం పైన రంధ్రాలు కొట్టిన అట్టలు వరసగా తిరుగుతుంటాయట. అట్టలో ఏముంటే చీర అంచులో అదే పడుతుంది. ‘అట్టలో లేని పువ్వును చేత్తో ఎత్తి పెడితే అది ఆ ఒక్క తావునే ఉంటాది అన్నా. అట్టలు మళ్లీ తిరిగితే పోతాది. మన కోడ్ కూడా అంతే’ అంది. ఇంత బాగా నాకెవరూ ఏదీ చెప్పలేదు. ఆ మాట అప్పుడే ఆమెతో అనాల్సింది. అనలేదు.

ఒకరోజు అందరి ముందు నా కోడ్ తెర మీద వేసి, ‘అన్నా, ఖాళీలు యాడపడితే ఆడ ఉండాయి. ఇది కోడా, కంది చేనా?’ అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను బల్ల దగ్గరికి వచ్చి ఒక పని చేశాను. ఆమె పేరుతో వచ్చే ఉత్తరాలన్నీ నా కంటికి కనపడకుండా ఒక మూల ఫోల్డర్‌లోకి పోయేటట్టు మెయిల్‌లో అమర్చాను. కోపంలో చేసింది. రెండు వారాలకు, అలా అమర్చుకున్న సంగతే మరిచిపోయాను. పదేళ్ల కిందటి మాటను పొల్లుపోకుండా గుర్తుపెట్టుకునే మనిషిని దీన్నొక్కదాన్ని ఎలా మరిచిపోయాను? ఆలోచిస్తే భయమేస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే, పొద్దున కరెంటు వచ్చే వేళకు మా డబ్బాలు ఒకటీ రెండూ మెమరీ చాలక పడిపోతున్నాయని కనిపెట్టాను. రెట్టింపు చేయాలని కోడ్‌లో మార్పు రాసి వేణికి పంపాను. పదకొండు రోజులు చూశాను. జవాబు లేదు. ఆమె నా నుంచి నాలుగు కుర్చీల అవతల కూర్చునేది. లేచి పోయి అడగొచ్చు. నేనెందుకు అడగాలి? పన్నెండో రోజు, ఎవరూ చూడనప్పుడు, క్లస్టర్‌లోకి పోయి చేత్తోనే మెమరీ పెంచేశాను. అప్పట్లో అందరం ఒకే పాస్‌వర్డ్ తాళంతో లోపలికి పోయేవాళ్లం కాబట్టి ఎవరు మార్చిందీ దొరకదు. డబ్బాలు పడడం ఆగింది. ఆగిందని కూడా ఎవరూ గమనించలేదు. దానికీ బాధపడ్డాను.

నెలన్నర తర్వాత వేణి వేరే ఏదో చిన్న మార్పు కోసం కోడ్ నడపబోయింది. నడిపే ముందు, ఏమేం మారతాయో ఒక జాబితా వస్తుంది. అది చూసి ఆమె ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

‘అన్నా, ఈడ చూడు. క్లస్టర్‌లో మెమరీ రెట్టింపు ఉండాది. కోడ్‌లో పాతదే ఉండాది. ఎవురో చేత్తో పెంచినట్టుండారు. నువ్వేమన్నా పెంచినావా?’

‘నాకేం తెలుసు?’

‘నువ్వు రాసిన మార్పు కూడా ఇదే గదా. దాని గురించి నేనడిగితే నువ్వు...’

‘ఆ సంగతి నాతో ఎత్తొద్దు.’

ఆమె ఆ జాబితాను మళ్లీ ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

‘పెంచలేదు గదా అన్నా? నడిపేస్తా మరి. పాతదానికి పోతాది.’

‘నడుపుకోమ్మా. పెద్దదానివి నువ్వే గదా.’

ఆ చివరి మాట నాకు రుచిగా అనిపించింది. అదీ చెప్పేస్తున్నాను. ఏమవుతుందో తెలిసే అన్నానా? తెలుసు. పూర్తిగా కాకపోయినా తెలుసు. ఆమె వెనక్కి తిరిగి నడిచిన ఆ నాలుగు కుర్చీల దూరంలో ‘ఆగు’ అనడానికి కావలసినంత సమయం ఉంది.

మరుసటి పొద్దున కరెంటు వచ్చింది. డబ్బాలు పడ్డాయి. లేచినవి లేచినట్టే మళ్లీ పడ్డాయి. చీనీ చెట్లు పూత మీదున్న రోజులు, మునుపటికంటే ఎక్కువ మోటార్లు ఒకేసారి పిలిచాయి. ఫోనులో మోటారు పడక జనం బండ్లేసుకుని తోటలకు పరుగెత్తారు. వేణి కారణం పట్టుకుని సరిచేసేసరికి కరెంటు వంతు అయిపోయింది. మధ్యాహ్నం మా మేనేజరు అందరినీ కూర్చోబెట్టి, తేడా కనబడినా ఎందుకు నడిపావని ఆమెను అడిగాడు. కోడ్‌నే నమ్మానని, తప్పు తనదేనని చెప్పింది. నన్ను అడిగాననలేదు. ఒక్కసారి నా వైపు చూసింది. నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

క్లస్టర్ తాళం మార్చి, కొత్తది ఆమెకు ఇవ్వలేదు. రైతుల ఫోన్లు ఎత్తే పనికి వేశారు. ఆమె చోట నన్ను కూర్చోబెట్టారు. ఆ తర్వాత కూడా, ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని తెచ్చిన రోజు టిఫిన్ డబ్బా మూతలో కొంచెం వేసి నా బల్ల మీద పెట్టి పోయేది. నేను తినేవాణ్ణి. మూత కడిగి ఇచ్చేవాణ్ణి. నాలుగు నెలలకు ఉద్యోగం మానేసింది.

రెండేళ్ల తర్వాత కంపెనీ నాకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చింది. పాత మెయిల్ సర్దుతుంటే ఆ మూల ఫోల్డర్ కనబడింది. నా మార్పు గురించి ఆమె మూడుసార్లు రాసింది.

మొదటిది నేను పంపిన నాలుగో రోజుది. ‘అన్నా, మంచి ఆలోచన. కరెంటొచ్చిన వేళ ఎంత మెమరీ వాడుకుంటాండాయో చూపించే బొమ్మ ఒకటి జత చెయ్. ఆ పొద్దే సరే అంటా.’ రెండోది, ‘జవాబు రాయలేదే అన్నా? పని ఎక్కువుండాదా?’ మూడోది పదో రోజుది. ‘నా మీద కోపమేమన్నా ఉండాదా అన్నా? కంది చేను మాట నవ్వులాటకు అన్నా. అట్లా అనుండకూడదు. కోపముంటే మొగం మీదే తిట్టు.’

నన్నెవరూ పట్టించుకోలేదని లోకమంతా చెప్పుకు తిరిగాను. పట్టించుకున్న మనిషి రాసిన ఉత్తరాలు నా దగ్గరే, నేను కట్టిన మూలలోనే పడి ఉన్నాయి.

పోయిన ఏడాది ఆమె పుట్టపర్తిలో ఒక లాడ్జి ఆఫీసులో పనిచేస్తున్నదని తెలిసి బస్సెక్కి పోయాను. రోడ్డు అవతల నిలబడి చూశాను. ఒక ముసలి జంటకు గది తాళం ఇచ్చి, ఏ మెట్లెక్కాలో చేయి చూపి చెప్తోంది. ముసలాయనకు వినపడలేదేమో, మళ్లీ చెప్పింది. అంతే ఓపికగా. నాకు అట్టల గురించి చెప్పినప్పటి ముఖమే. రోడ్డు దాటలేకపోయాను. తిరుగు బస్సులో రాప్తాడు దాకా నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగా ఉన్నా.

మేనేజరుకు పోయిన వారం అంతా రాసి పంపాను. ఇంకా జవాబు లేదు. ఆయనను తర్వాత చూసుకుంటాను.

వేణీ, ఇది నీ కంట పడితే, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. పెంచింది నేనే. చేత్తో. నువ్వు అడిగినప్పుడు అబద్ధమాడాను. నీ మీద కోపం ఉండింది. అంత కోపానికి నువ్వు చేసిందేమీ లేదు. ఇన్ని మాటలు రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకుమించి నాకేమీ రావలసింది లేదని తెలుసు. మన్నించమని అడగను.

కానీ ఒకటి అడుగుతాను, దీనికి నువ్వు జవాబు చెప్పి తీరాలి. ఆ మధ్యాహ్నం నా వైపు చూసినప్పుడు నీకు తెలుసా? తెలిసే ఊరకున్నావా? తెలిసే ఆ మూతలో ఉగ్గాని పెట్టినావా? నీ ఉత్తరాలు ఇప్పుడు నేరుగా నా ముందుకే వస్తాయి. ఆ అమరిక తీసేశాను. తిట్టినా సరే. రాయి.