దేవన్న సారు చెక్క హార్మోనియం

ఆ శుక్రవారం పొద్దున ఎడారి దేశంలో, హాయిల్ గోధుమ చేల మీద ఎండ అప్పుడే వచ్చి కూర్చుంది. క్యాంపు గదిలో లింబాద్రి, తన ముందున్న హార్మోనియాన్ని కొత్త ఊరి కుక్కను చూసినట్టు చూస్తున్నాడు.

దేవన్న సారు పోయి ఆ రోజుకు ఏడాది. సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో సారు భార్య లస్మవ్వ, కూతురు కావ్య వీడియో కాల్‌లో ఫోన్ ముందు కూర్చున్నారు. నెల కింద లస్మవ్వే అడిగింది.

"తొమ్మిదేండ్లు ప్రతి శుక్రారం నిద్ర మానుకోని మీకు నేర్పిన అంటుండె బిడ్డా. ఏం నేర్పిండో ఒక్కసారి వినాలె."

వినిపిస్తానని లింబాద్రి మాటిచ్చేశాడు. కానీ ఆ నాటికి అతను హార్మోనియం ముట్టుకునైనా ఎరగడు.

ఊళ్ళలో యక్షగానాలకు వాయించి, పిల్లలకు పాఠాలు చెప్పినవాడు దేవన్న. వాటితో ఇల్లు గడవక, ఇక్కడి పొలాల్లో నీటి యంత్రాలు బాగుచేసే పనికి వచ్చాడు. హార్మోనియాన్ని కూతురి కోసం ఇంట్లోనే వదిలాడు. ఇక్కడ ఖర్జూరం పెట్టె చెక్కను నున్నగా గీకి, తెల్ల మెట్లు, నల్ల మెట్లు రంగుతో దిద్దుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు పక్కనే పడుకునే గదికి, చప్పుడు చేయని ఆ వాద్యమే సరిపోయింది. శిష్యుడు మెట్టు మీద వేలు పెడితే సారు ఆ స్వరాన్ని పిట్ట రెక్క కదిలినంత మెల్లగా పాడేవాడు. వేలు తప్పితే పాట ఆగేది. ఆ నిశ్శబ్దమే బెత్తం.

పాఠం కాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కావ్య ఇంట్లో వాయిస్తుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ పిల్లకు జ్వరమొచ్చిన వారం పాఠం లేదు. ఆ గంటసేపూ నిద్రలో ఆమె తీసే ఊపిరి విన్నాడు.

ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోతూ చెక్కను లింబాద్రి చేతిలో పెట్టాడు. రెండేళ్ళు ఇంటివాళ్ళ మధ్య బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పాడే సారు లేడు. చెక్క మీద నేర్చిన చదువు వట్టిదైతే, ఆయన శుక్రవారాలన్నీ వట్టివే. ఆ సంగతి లస్మవ్వకు తన చేతుల మీదుగా తెలియడమా?

"ఇంకెంతసేపు చూస్తావప్పా? పెండ్లిచూపులా?" అన్నాడు ఖలందర్. కడపవాడు, కూరగాయల ట్రైలర్ నడుపుతాడు. జెద్దాలోని బలద్ బజారులో, పాత సామాన్ల అంగడిలో ఆ హార్మోనియాన్ని చూసి ఎత్తుకొచ్చింది అతనే.

లింబాద్రి రెండు చేతులూ మెట్ల మీద పెట్టాడు. సారులాగే కాలు ఆడిస్తూ వాయించాడు. చప్పుడు లేదు. మళ్ళీ వాయించాడు. పెట్టె బండరాయిలా ఉంది.

"నెట్టు పోయిందా బిడ్డా?" అంది లస్మవ్వ.

"లేదు పెద్దమ్మా." అతను ఇంకో మెట్టు నొక్కి చూశాడు. "అదే పలుకుతలేదు."

కావ్య నవ్వింది. "లింబన్నా, ఎడమ చెయ్యి గూడ ముందటే పెట్టినవేంది? ఎనక తిత్తి ఎవరు కొడుతరు?"

"సారు రెండు చేతులతోటే నేర్పిండు చెల్లె. కాలుతోటి తాళం."

"అది తాళం కాదన్నా. మా ఇంట్ల ఉన్నది కాలి హార్మోనియం. నాన్న గాలి కొడుతుండె."

లింబాద్రి తన కాలి వైపు చూసుకున్నాడు. లేని తిత్తికి సారు తొమ్మిదేళ్ళు గాలి కొట్టాడు. ఆయనను చూసి తనూ కొట్టాడు.

"ఉరుసులో కవ్వాలీవాళ్ళు పెట్టె ఎనక తట్టతాంటే ఈగలు తోల్తాండారేమో అనుకుంటి," అంటూ ఖలందర్ ఎదురుగా కూర్చుని, కొక్కెం తీసి తిత్తి తెరిచాడు. "నువ్వు మీ సారు చెప్పినట్టే వాయించు. గాలి నాది."

మొదట దుమ్ము వచ్చింది. తరువాత షడ్జమం వచ్చింది, చల్లటి నీళ్ళలా. రిషభం ఉండవలసిన చోటే ఉంది. సారు గొంతులో విన్న ప్రతి స్వరమూ చెక్క మీద దిద్దిన చోటే అతని కోసం కాచుకుని ఉంది. వేళ్ళు ఒక్క చోటా దారి తప్పలేదు. లింబాద్రి భుజాలు దిగాయి. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి, తిత్తిలోని గాలితో పాటు బయటికి వెళ్ళిపోయింది.

పాట అయ్యాక లస్మవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంటికొచ్చినంక నిద్రల గూడ కాలాడిచ్చేది. నరాల నొప్పేమోనని నూనె రాసిన," అంది. ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగి, "మంచిగనే నేర్పిండు. మల్లొకసారి వాయించు బిడ్డా."

"ఆయమ్మకేం, అడగతాది. నొచ్చే చెయ్యి నాది," అన్నాడు ఖలందర్, తిత్తి మీది చెయ్యి తీయకుండానే.