మాట తెగితే పరుగెత్తాలి

నిన్న మా కోడలు ఫోనులో మాట్లాడుతూ మేడ దిగుతున్నదల్లా మాట మధ్యలో ఆగింది. మంచినీళ్ళు తాగడానికి ఆగిందట, అంతే. వంటింట్లో ఉన్న నేను మాత్రం గరిటె పారేసి మెట్ల దాకా పరుగెత్తాను. ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వుకోనీయండి, నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, పనిలో పట్టుకున్న భయం వయసుతో పోదు.

నరసరావుపేట నుంచి రొంపిచెర్ల వెళ్ళే దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను కంప్యూటర్లు, వైఫై చూసేదాన్ని. లోపల చీకటి, చలి, పైకప్పు దాకా బస్తాలు, వాటి పైన గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు పైపులు. అది లీకైతే మనిషి కేక వేసేలోపే గొంతు పట్టేస్తుంది. అందుకని అక్కడొక కట్టుబాటు ఉండేది: పైపులు చూడటానికి వెళ్ళిన మనిషి బయటికి వచ్చేదాకా ఫోనులో మాట్లాడుతూనే ఉండాలి, మాట తెగితే బయట స్పీకరులో వినేవాళ్ళు తడి గోనెపట్టాలు ముఖానికి చుట్టుకుని పరుగెత్తాలి. ఆ వెళ్ళే మనిషి మా బాబాయి. అన్ని గదులూ తిరిగేదాకా ఏం మాట్లాడతాడు పాపం, యజమానిని తిట్టేవాడు. యజమాని కూడా వింటూ నవ్వేవాడు. తిట్లు వినబడుతున్నాయంటే బాబాయి క్షేమమన్నమాట.

చిక్కల్లా గోడల దగ్గరే. లోపలికి సెల్ సిగ్నల్ రాదు కాబట్టి గదికొక వైఫై పెట్టె ఉండేది. బాబాయి గది మారగానే ఫోను పాత పెట్టెను వదిలి కొత్త పెట్టెతో పరిచయం మొదటి నుంచి చేసుకునేది, ఆ కాసేపూ మాట ఉండేది కాదు. మొదట్లో ప్రతిసారీ పరుగెత్తాం. తరువాత్తరువాత లేవడమే మానేశారు. వరండాలో మిరపకాయలకు తొడిమలు తీసే మా పిన్ని కూడా, కట్టుకున్నవాడి మాట ఆగితే, "ఆ, గోడ దాటతన్నాడులే" అని చేతిలో పని ఆపేది కాదు. నాకు అమ్మోనియా కన్నా ఆ మాటకే ఎక్కువ భయం వేసింది.

పెట్టెలన్నీ ముందే ఒక అవగాహనకు వచ్చి, మనిషి గది మారినా మాట తెగకుండా ఒకదాని నుంచి మరొకటి అందుకునే ఏర్పాటు ఉంది, ఫాస్ట్ రోమింగ్ అంటారు. అది ఆన్ చేస్తే పాత ఫోన్లు అసలు కలవకపోవచ్చని పెట్టెలు అమ్మినవాళ్ళు హెచ్చరించారు. ఉన్నది కూడా పోతుందని యజమాని వద్దన్నాడు. నేను ఊరుకోలేదు. ఆయన్ని పోరి పోరి ఒప్పించి, ఒక ఆదివారం పొద్దున, బాబాయి, పిన్ని ప్రార్థనకు వెళ్ళి లోపల ఎవరూ లేనప్పుడు ఆన్ చేశాను. అనుకున్నట్టే బాబాయి వాడే పాత ఫోను కలవలేదు, నాది కలిసింది. దాన్ని పట్టుకుని, బయట యజమానిని వినమని చెప్పి, నేనే లోపలికి నడిచాను. ఏం మాట్లాడాలో తోచక, పళ్ళు టకటకలాడుతుంటే ఎక్కాలు అప్పజెప్పాను. ఎక్కడా తెగలేదని యజమాని చెప్పాక, నా ఫోను బాబాయికే ఇచ్చేశాను.

ఆ తరువాత సీజను మధ్యలో ఒక పగటిపూట బాబాయి యజమాని తాతను తిడుతూ తిడుతూ ఠక్కున ఆగిపోయాడు. గోడ అనుకోవడానికి ఇక వీల్లేదు. పిన్ని ఒళ్ళో కాయలన్నీ నేలపాలు చేసి అందరికన్నా ముందు పరుగెత్తింది, వెనక తడి గోనెపట్టాలతో మేమంతా. పైన పైపు లీకై ఘాటు కొడుతోంది, బాబాయి బస్తాల పక్కన కూలబడి ఉన్నాడు. బయటికి ఈడ్చుకొచ్చి ముఖం మీద నీళ్ళు గుమ్మరిస్తుంటే, చాలాసేపటికి దగ్గి కళ్ళు తెరిచాడు. "ఏందే, పోయాననుకున్నావా?" అన్నాడు నీరసంగా. పిన్ని ఏడుస్తూనే ఆయన్ని తిట్లతో కడిగిపారేసింది.

ఇప్పుడు అక్కడ లీకు కనిపెట్టే యంత్రాలున్నాయి, ప్రమాదమైతే సైరన్ మోగుతుంది, లోపలికి వెళ్ళేవాళ్ళు మాట్లాడనక్కరలేదు. మంచిదే, ఎవరి ప్రాణమూ తిట్ల మీద వేలాడకూడదు. కానీ ఒక మనిషి మాట కోసం అంతమంది చెవి ఒగ్గి కూర్చోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఈ ఇంట్లో పొద్దుటి నుంచీ నేను నోరు విప్పకపోయినా ఎవరూ తల ఎత్తి చూడరు. నాకిప్పుడు ఉన్న భయమల్లా అదే.