ముప్పావు గుట్ట

కాక పోయిన సంగతి నాకు మొదటి షిఫ్టులో తెలిసింది. టిఫిన్ చేద్దామని ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ దిగి నీళ్లు తాగుతుంటే ఆయన అల్లుడు ఫోన్ చేసి, తెల్లవారుజామున నిద్రలోనే ఊపిరి ఆగిపోయిందని చెప్పాడు. రిలీఫ్ అడిగితే ఇచ్చేవాళ్లే. అడగలేదు. మళ్లీ బండెక్కి షిఫ్టు అయ్యేదాకా మట్టి పోస్తూనే ఉన్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా బరువెక్కింది, అంతే. ఈ మధ్య నాకు ఏది వచ్చినా ముందు అలసటగానే వస్తోంది.

కాకకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. కాలనీలో మా ఎదురు క్వార్టర్ ఆయనది. నేను మొదట భూగర్భ గనిలో కూలీగా చేరినప్పుడు ఆయనే మా సర్దార్. గని సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సర్దార్ అంటే కూలీలకంటే ముందు లోపలికి పోయి కప్పు చూసేవాడు. కర్రతో పైకప్పును కొట్టి, రెండో అరచేతిని రాయికి ఆనించి వింటాడు. ఖంగుమని పలికితే మంచి కప్పు. డొల్లగా పలికితే దాని కింద మనిషిని నిలబడనివ్వడు. మా గనిలో ఆయన చెవికి పెద్ద పేరు. షిఫ్టులో ఎవడైనా మూలకు పోయి కునుకు తీసి వచ్చినా ఆయన మొహం చూసి ఇట్టే పట్టేసేవాడు. పేరు రాసుకోవడం, పైవాళ్లకు చెప్పడం ఉండేది కాదు. మొహం కడుక్కొని రమ్మని పంపేవాడు.

రిటైరయ్యాక ఆయనకు గుట్టల పిచ్చి పట్టింది. మోకాళ్లు ఉన్నప్పుడు పట్టాల్సిన పిచ్చి ఇప్పుడేందని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, తిట్టేది. "ముప్పై ఏండ్లు కిందికి దిగిన. ఇగ జర మీదికి ఎక్కుత," అనేవాడు. ఆదివారం సెలవు దొరికితే నన్నూ, మా గనిలోనే చేసిన ఇంకో ఇద్దరినీ లేపుకొని బయల్దేరేవాడు. గోదావరి వంతెన దాటి మంచిర్యాల, అక్కడి నుంచి ఇంకో బస్సు, దిగాక టేకు అడవిలో రెండు గంటల నడక. అప్పుడు వస్తాయి సున్నపురాయి గుట్టలు. నడుమ వాగు కోసుకుపోయిన లోయ, అటూ ఇటూ నిట్టనిలువుగా తెల్లటి బండలు, పొరమీద పొర, పేర్చిన జొన్నరొట్టెల్లా. బతుకంతా నల్లరాయి చూసిన కళ్లకు ఆ తెలుపు మొదట్లో సహించేది కాదు. మధ్యాహ్నం అయితే కళ్లు మూసుకొని నడిచేవాళ్లం.

గనిలో అలవాట్లన్నీ ఆయన గుట్టకు తెచ్చాడు. ఎండకు ఏ బండ కిందనైనా కూర్చోబోతే ఆగమని చెయ్యి చూపి, ముందు తాను పోయి కర్రతో కొట్టి వినేవాడు. ఆయన తల ఊపేదాకా సద్ది మూట విప్పడానికి లేదు. "ఎంతమందిమి ఎక్కినమో అంతమందిమే దిగాలె," అనేవాడు, ఉన్నది నలుగురమే అయినా రెండుసార్లు లెక్కపెట్టి. దారిలో ఆయాసం వచ్చి సిగ్గుపడితే, "దమ్ము తీసుకునుడు ఓడిపోవుడు గాదు" అని పక్కనే కూర్చునేవాడు. ఆకలేసినప్పుడు ఉల్లిగడ్డ చేత్తో గుద్ది పగలగొట్టి పెద్ద ముక్క నాకే ఇచ్చేవాడు. ఎందుకిచ్చేవాడో ఎన్నడూ అడగలేదు.

ఆ గుట్టలన్నింటిలో ఎత్తయింది చిట్టచివర ఉంటుంది. దాని మీది నుంచి గోదావరి కనబడుతుందా లేదా అన్నది కాకకు పెద్ద ప్రశ్న. గోదారి పక్కన నేల కింద ఇన్నేండ్లు పనిచేసిన, ఒక్కసారి మీదికెళ్లి చూడాలె అనేవాడు. ఆ కొసకు పోవాలంటే ఒక రాతి అరుగు దాటాలి. ఇరవై అడుగుల పొడవుంటుంది, రెండు మంచాలంత వెడల్పు, అటూ ఇటూ లోయ. మొదటిసారి వెళ్లినప్పుడే కాక దాని మీద కర్రతో కొట్టాడు. డొల్లగా పలికింది. ఇంకోచోట కొట్టాడు. అక్కడా డొల్లే. "మర్రుండ్రి," అన్నాడు. మేం వెనక్కి తిరిగాం.

అట్లా ఎన్నేళ్లో! ఎన్నిసార్లు పోయినా అరుగు దగ్గర కొట్టడం, వినడం, వెనక్కి రావడం. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టుందని మాలో ఒకడు నవ్వేవాడు. కాలనీలో మమ్మల్ని ముప్పావు గుట్టోళ్లని పిలవడం మొదలుపెట్టారు. ఒకసారి నాకు నిజంగానే కోపం వచ్చి, కాకా, ఇది గని గాదు గుట్ట అన్నాను. ఆయన కర్ర పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"గనిల మంచిగ పలికిన కప్పు కింద ఒకన్ని కూసోబెట్టిన. నా మాట మీద కూసున్నడు, మళ్ల లేవలే. డొల్ల పలికినకాడ నిన్నెట్ల నడిపిస్త?"

ఆ తర్వాత మేమెవ్వరం అరుగు మాట ఎత్తలేదు.

రెండేళ్ల కింద ఒక ఆదివారం ఎప్పటిలాగే అరుగు ఇవతల కూర్చొని ఉన్నాం. ఒక ముసలవ్వ మేకల మందను తోలుకొని వచ్చి, మా ముందు నుంచే ఆ అరుగు మీదుగా తాపీగా అవతలికి నడిచింది. కాక లేచి కేక వేశాడు. ఆమె మళ్లీ ఇవతలికి వచ్చి ఏందని అడిగింది. ఇది డొల్ల అవ్వా, కూలుతదని కాక అన్నాడు. డొల్లే, కింద గుహ ఉన్నది, వాన పడితే మందంతా అండ్లనే ఉంటది, మా తాత కాలం నుంచి ఇట్లనే ఉన్నదని ఆమె చెప్పింది. సున్నపురాతి గుట్టల్లో లోపల గుహలుంటాయని, పైన కొడితే అట్లాగే పలుకుతుందని, దాన్ని బట్టి కూలుతుందని కాదని ఆ అడవిలో మేకలు కాసే ప్రతి మనిషికీ తెలుసు. బొగ్గుగని మనుషులం మాకే తెలియదు.

కాక ఆమె వెంట పక్కదారిన గుహలోకి దిగి కప్పు మీద కొట్టాడు. అక్కడ ఖంగుమంది. మళ్లీ కొట్టాడు. బయటికి వచ్చి బండ మీద కూలబడి, "ఉత్తపుణ్యానికి మిమ్ములను ఆపిన కదరా ఇన్నేండ్లు," అన్నాడు. నవ్వాడు గానీ, ఆ నవ్వు దగ్గుగా మారి ఎంతకూ ఆగలేదు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు సగం పాడయ్యాయి. మీరు పోయిరాండ్రి అన్నాడు. నువ్వు లేకుండా ఎట్లా, వచ్చే ఆదివారం అందరం పోదామన్నాం. ఆ వచ్చే ఆదివారం రాలేదు. నాకు ఓవర్‌టైం, తర్వాత వానలు, తర్వాత ఆయనకు దవాఖాన. ఆ పైన ఆక్సిజన్ యంత్రం ఇంటికే వచ్చింది.

పోయిన చలికాలం నన్ను మంచం దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వన్న ఎక్కి చూసి రా బిడ్డా. గోదారి కనవడుతదా లేదా, గదొక్కటి చెప్పు."

వారమంతా నైట్ షిఫ్టులు చేసి ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. అరుగు దాకా ఎక్కాను. ఒక్క ఐదు నిమిషాలని బండ నీడన ఒరిగాను. లేచేసరికి పొద్దు వాలింది. కొస ఎదురుగానే ఉంది, అరగంట ఎక్కితే చాలు. ఎక్కితే ఆఖరి బస్సు తప్పిపోతుంది, పొద్దున డ్యూటీ. ఇవన్నీ నిజమే. కానీ అసలు నిజం, నాకు లేవబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి అబద్ధం చెప్పాను. ఎక్కిన కాకా, గోదారి మంచిగ కనవడ్డది, ఎండకు మెరుస్తున్నది, ఇవతల మన ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు, కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కూడ కనవడ్డయి అన్నాను. నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. ఆయన నా మొహం చూస్తూ అంతా విన్నాడు. మంచిదన్నాడు. చిన్నమ్మను పిలిచి నాకు అన్నం పెట్టమన్నాడు. ఆయన సంతోషపడ్డాడు కదా, పోనీలే అనుకున్నాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక చిన్నమ్మతో కూర్చున్నప్పుడు, కాక అడిగిన ఆ ఒక్క పనైనా చేసినానని అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అబద్ధం కూడా చాన్నాళ్లు మోస్తే మన సొంతమే అనిపిస్తుందేమో. చిన్నమ్మ చీర కొంగు సర్దుకొని మెల్లగా చెప్పింది.

"నువ్వు ఎక్కలేదని ఆయనకు ఆనాడే తెలుసు బిడ్డా. 'నిద్రపోయి లేచినోని మొకం నాకు తెల్వదా, పాపం పోరడు అలిసిపోయిండు, ఏమనకు, ఇంత అన్నం పెట్టు' అన్నడు."

యాభై దాటిన పోరణ్ణి. ఆమె ముందు తల ఎత్తలేకపోయాను. పదకొండు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మొన్న ఆదివారం వెళ్లాను. అరుగు దాటాను, కొస ఎక్కాను. దమ్ము తీసుకుంటూ, ఆగుతూ ఎక్కాను, కానీ ఎక్కాను. పైకి చేరి చూస్తే గోదావరి లేదు. ఉత్తరాన, పడమర అడవి. నది ఉండాల్సిన దిక్కున ఇంకో గుట్టల వరుస అడ్డంగా ఉంది. పొగగొట్టాలు లేవు, మట్టిదిబ్బలు లేవు. నేను చెప్పినదాంట్లో ఒక్కటీ అక్కడ లేదు. షిఫ్టు అయ్యాక సర్దార్‌కు చెప్పినట్టు పైకే చెప్పాను: "కనవడుతలేదు కాకా. నడుమ గుట్ట అడ్డమున్నది."

తర్వాత అక్కడే కూర్చున్నాను. బస్సు సంగతి ఆలోచించలేదు. లోయలో నీడ నిండింది. ఎదురు వరుస బండలు మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి. నీడ వాటి మీదికి మెల్లగా, ఒక్కో పొర ఒక్కో పొరా ఎక్కుతోంది.