వెర్నా మొగుడి గుర్రాన్ని ఆపిన అమ్మాయి

నెవాడా ఎడారిలో జరిగే యాభై మైళ్ళ గుర్రపు పందేలకు వెర్నా ఎచెవెరీ ముప్పై ఒక్కేళ్ళుగా పశువైద్యురాలు. డెబ్బై దాటినా గొంతు కంగుమంటుంది. కొత్త డాక్టర్లకు పని నేర్పే బాధ్యత కూడా ఆవిడదే.

ఆ శనివారం వచ్చిన టాంసిన్ గుర్రాల ఆసుపత్రిలో రెండేళ్ళు చేసింది. అయితే అక్కడికొచ్చేవి జబ్బుపడ్డ గుర్రాలు. ఇక్కడ నిక్షేపంగా కనిపించే గుర్రంలో అలసట ఎక్కడ దాక్కుందో ప్రతి మజిలీలోనూ వెతికి పట్టుకోవాలి, బాగుంటేనే ముందుకు పంపాలి.

"నాడి అరవైకి దిగింది డాక్టరుగారూ, పంపేద్దామా?"

"నాడి ఒక్కటే చాలితే నువ్వూ నేనూ ఎందుకమ్మాయ్? పొట్ట విను. పేగులు కదులుతున్నాయా? గడ్డి వంక చూస్తోందా, నీ వంక చూస్తోందా?"

"నా వంకే."

"అయితే దానికి ఆకలి చచ్చింది. కాసేపు ఆపు."

మధ్యాహ్నానికి ముప్పై అయిదో మైలు మజిలీలోకి వెర్నా మొగుడు ఆండర్ తమ నల్లగుర్రం మీద వచ్చాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి పందెం. ఇంటి గుర్రాన్ని తను చూడకూడదని వెర్నా పక్కకు తప్పుకుంది.

ఆండర్ నల్లగుర్రాన్ని ఇసుకలో పరిగెత్తించాడు. టాంసిన్ "బాగానే..." అంటూ ఆగిపోయింది.

"ఇంకోసారి సార్. ఈసారి గట్టినేల మీద. ఇసుకలో కుంటు తెలీదు."

"ముప్పై ఏళ్ళుగా డాక్టరుతో కాపురం చేస్తున్నానమ్మాయ్. ఆవిడకు లేని అనుమానం నీకెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. టాంసిన్ వెర్నా వైపు చూసింది. వెర్నా వంగి బూటు లేసు కట్టుకోసాగింది. కొత్తలో ఓ యజమాని అరుపులకు జడిసి తను పంపేసిన గుర్రం ఆరు నెలలు కుంటింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ పిల్ల తనంతట తానే తేల్చుకోవాలి.

గుర్రం మళ్ళీ పరిగెత్తింది.

"ఎడమ ముందుకాలు ఆనినప్పుడల్లా తల ఎగరేస్తోంది, ఆ కాలు నొప్పెడుతోంది. ఇవాళ్టికి ఇక చాలు సార్," అంది టాంసిన్. వెళ్ళి గుర్రం కళ్ళెం పట్టుకుంది.

"ఏమే, నువ్వైనా చెప్పవే!"

"డాక్టరమ్మ చెప్పాక నేను చెప్పేదేముందయ్యా?"

ఎర్రటోపీ పెట్టుకున్న రౌతు ఒకడు కిసుక్కుమన్నాడు. ఆండర్ సణుక్కుంటూ గిట్ట ఎత్తి చూశాడు. లాడం పక్కన గులకరాయి ఇరుక్కుని ఉంది. దాన్ని పీకి, గుర్రం మెడ నిమిరాడు.

"దీంతో ఇంకో పదిహేను మైళ్ళు పోయుంటే?"

"అది ఆసుపత్రిలో పడుకునేది, నువ్వు సోఫాలో పడుకునేవాడివి."

కాసేపటికి ఆండర్ గొర్రెమాంసం, చిక్కుడుగింజల పులుసు రెండు గిన్నెల్లో తెచ్చి ఒకటి టాంసిన్ చేతిలో పెట్టాడు. "తిను. నన్ను ఆపినట్టే ఆ ఎర్రటోపీ వాణ్ణి కూడా ఆపు, వాడు నన్ను చూసి మరీ నవ్వాడు."

"వాడి గుర్రం బాగుంది సార్!"

వెర్నా పకపకా నవ్వింది. రెండో గిన్నె అందుకుని, మిగతా గుర్రాల్ని టాంసిన్‌కే వదిలి మడతకుర్చీలో కూలబడింది. మజిలీ మధ్యలో కూర్చుని వేడివేడిగా తినడం ఇన్నేళ్ళలో ఆవిడకదే మొదటిసారి.