తమ్ముడికి చేయించిన రైఫిల్

మా అపార్టుమెంటులో కింది అంతస్తు అమ్మాయి రైఫిల్ కాల్చడం నేర్చుకుంటోంది. తుపాకి అనగానే కంగారు పడకండి, పోటీల్లో కాగితం గురి మీద కాల్చే ఎయిర్ రైఫిల్. మొన్న ఆదివారం వాళ్ళ నాన్న ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చి, మీరు ఖతర్‌లో ఉన్నప్పుడు ఎవరికో రైఫిల్ దగ్గరుండి చేయించారట కదా ఆంటీ, అమ్మాయికి ఒకటి కూర్పిస్తున్నాం, ఈ సామాన్లలో ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో కాస్త చెప్పండి అని అడిగాడు. ఆ సంగతి మావారే ఊది ఉంటారు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అతను వేలితో తోస్తుంటే బ్యారెళ్ళూ ట్రిగ్గర్లూ చెక్క స్టాకులూ ఒకదాని వెనుక ఒకటి తెర మీద కదిలిపోతున్నాయి గానీ నా కంటికి ఒక్కటీ ఆనలేదు. ముందు మీ అమ్మాయి ఏ చేత్తో కాలుస్తుందో నీ కళ్ళతో చూశావా నాయనా అని మాత్రం అడిగాను, ఆ పైన కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాపం, ఏం తప్పు మాట్లాడాడో తెలియక అతను కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళాడు.

అతనికి చెప్పలేకపోయాను. నా ఈడు వాళ్ళు, ఉత్తరం రాసి జవాబు కోసం నెల రోజులు ఎదురుచూసిన వాళ్ళు, మీకైతే చెప్పుకోగలను.

తొంభైల్లో మేము దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక విల్లాలో రెండు గదులు తీసుకుని ఉండేవాళ్ళం. మావారు మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో టెక్నీషియన్. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కితే పొద్దుగూకాకే ఇల్లు చేరేవారు. నేను ఊరుకునే రకాన్ని కాదు కనుక ఒక కుట్టుమిషను కొనిపించుకుని జాకెట్లు కుట్టేదాన్ని. అల్ హిలాల్ పేట నుంచి కూడా మన ఆడవాళ్ళు కార్లలో వచ్చి ఇచ్చి వెళ్ళేవారు, నా చేతి కొలత తప్పదని పేరుండేది. ఆ పేరు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శుక్రవారాలు మా జిల్లా పిల్లలు, నిజామాబాద్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కూలీల క్యాంపుల నుంచి వచ్చేవారు. ఉత్తరాలు రాయించుకోవడానికనే పేరు గానీ, ఇంటి అన్నం తినడానికే వచ్చేవారని నాకు తెలియదా. ఎండకు పెదవులు పగిలి, సిమెంటుకు వేళ్ళు తినేసి, ఇరవై రెండేళ్ళవాడు నలభై ఏళ్ళవాడిలా ఉండేవాడు. వాళ్ళకు అన్నం వడ్డిస్తూ ప్రతి శుక్రవారం ఒకటే మొక్కుకునేదాన్ని, దేవుడా, మా తమ్ముణ్ణి మాత్రం ఇక్కడికి రానివ్వకు అని.

తమ్ముడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. నాన్న పోయాక అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది, పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఆమె ఒళ్ళోంచి చాట దిగేది కాదు, అంచేత వాడి స్నానం, వాడి బడి, వాడి అన్నం అన్నీ నావే. వాడు పుట్టు ఎడమచేతివాడు. పలక బలపం, గోలీలు, ఆఖరికి అన్నం ముద్ద కూడా ఎడమ చేత్తోనే. పదిమందిలో పంక్తిలో కూర్చుంటే ఛీ అంటారనీ, పెంచినవాళ్ళు లేరంటారనీ నాకు రోషం. పాత చీర పేలికతో వాడి ఎడమ చేతిని నడుముకు కట్టేసి కూర్చోబెట్టేదాన్ని. కుడి చేత్తో తినలేక మెతుకులన్నీ కింద పోసుకుని ఏడ్చేవాడు, ఏడిస్తే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆరు నెలల్లో మాన్పించాను. వాడకట్టంతా నన్ను మెచ్చుకుంది, తల్లి కన్నా అక్కే నయమన్నారు. అంత పొగడ్త మళ్ళీ నా జన్మలో దొరకలేదు.

కాలేజీలో ఎన్‌సీసీలో చేరాక వాడి చేతిలో గురి ఉందని బయటపడింది. జిల్లాలో రైఫిల్ క్లబ్బు పెద్దాయన ఒకరు వాణ్ణి చేరదీశారు. క్లబ్బుకు ఉన్నది ఒక్క పాత ఎయిర్ రైఫిలు, దానికి అయిదుగురు పిల్లలు. అయిదు నెలల్లో రాష్ట్ర జట్టుకు ఎంపికలు ఉన్నాయనీ, జట్టులో పడితే ఆటల కోటాలో పోలీసు ఉద్యోగం ఖాయమనీ, సొంత రైఫిలు ఉంటే రోజూ సాధన చెయ్యవచ్చనీ పెద్దాయన అన్నారట. తమ్ముడు ఉత్తరంలో అడగలేదు, ఊరికే రాశాడంతే. ఉద్యోగం రాకపోతే మా ఊరి ఏజెంటు దుబాయ్ వీసా ఇప్పిస్తానన్నాడని కూడా కింద ఒక మూల రాశాడు. మా ఊళ్ళో ఖతర్ అయినా కువైట్ అయినా దుబాయే. ఆ మూలన రాసిన వాక్యం చదివి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

కొత్త జర్మనీ రైఫిలు ధర విని మేమిద్దరం దాని ఆశ వదిలేసుకున్నాం. చివరికి సూక్‌లో, అంటే పాత బజారులో, డేగలకు తోలు టోపీలు అమ్మే దుకాణాల వెనుక సందులో, తుపాకులు బాగుచేసే ఒక ముసలాయన్ని మావారు కనిపెట్టారు. పెషావర్ వైపువాడు, అందరూ ఉస్తాద్ అనేవారు. అతని దగ్గర ఎవరిదో పోటీ రైఫిలు ఒకటి పడి ఉంది, కారులో ఎండకు మాడి చెక్క పగిలింది గానీ లోపలి ఇనుమంతా శుభ్రంగా ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కొత్తది కూర్చుదామన్నాడు. ఇక చూడండి, నెలన్నర పాటు ప్రతి గురువారం సాయంత్రం మా ఆయన్ని లాక్కుని ఆ సందుకు వెళ్ళడం, ఒక్కొక్క సామాను దగ్గరా కూరగాయల బండి దగ్గర ఆడినట్టు బేరం ఆడడం. నిజామాబాద్‌లో పుట్టినదాన్ని, ఉర్దూ నాకు కొత్తా! బ్యారెల్ దగ్గర పిసినారితనం వద్దన్నాడు ఉస్తాద్, సరే అన్నాను. ట్రిగ్గరు పాతదే శుభ్రం చేసి వెయ్యమన్నాను. కంటి దగ్గర పెట్టుకునే సైటు కొత్తది వద్దు, వేరే రైఫిలుది ఊడదీసింది చాలన్నాను. తోలు పట్టీ నేనే కుడతానన్నాను, కుట్టాను కూడా. మావారు నవ్వి, నీ పెళ్ళి చీరకు కూడా ఇంత బేరం ఆడలేదే అన్నారు.

ఒక్క చెక్క దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గలేదు. భుజానికీ బుగ్గకీ ఆనే ఆ స్టాకు రెండు రకాలుగా చెయ్యవచ్చన్నాడు. సాదాగా, ఎవరికైనా సరిపోయేలా అయితే తక్కువలో అయిపోతుంది. కాల్చేవాడి ఒంటి కొలతకు చెక్కితే, బుగ్గ ఆనే చోట ఎత్తు పెట్టి, అరచేతికి గుంట తీసి, రైఫిలు వాడి ఒంట్లో కలిసిపోయినట్టు ఉంటుంది గానీ ఖరీదు. మిగతా అన్నింట్లో మిగిల్చినదంతా తెచ్చి అక్కడ పోశాను. నా తమ్ముడికి ఎవరికైనా సరిపోయేది ఎందుకు, వాడి కొలతది వాడికుండాలి. కొలతలు పంపమని రాస్తే వాడు టేపు దొరకలేదని దారం ముక్కలు కవర్లో పెట్టి పంపాడు, ఒకటి భుజం నుంచి వేలి దాకా, ఒకటి మెడ నుంచి భుజం దాకా. ఉస్తాద్ వాటిని బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, తల పైకెత్తి నన్ను అడిగాడు.

"బీబీ, లడ్‌కా సీధే హాథ్ కా హై, యా ఉల్టే హాథ్ కా?"

కుడిచేతివాడా ఎడమచేతివాడా అని. మీరు నమ్మండి, నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాస్త గర్వంగానే, మా వాడు సీధే హాథ్ అన్నాను, నేనే నేర్పించానని కూడా చెప్పాను. ఉస్తాద్ తల ఊపి పెన్సిలు తీసుకున్నాడు.

మావారు సెలవు మీద వెళ్తూ క్లబ్బు వాళ్ళ ఉత్తరం, కాగితాలన్నీ పట్టుకుని, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ చేతుల్లో సగం రోజు నలిగి దాన్ని చేర్చారు. తమ్ముడు పెట్టె తెరిచి, చెక్కను పై నుంచి కింది దాకా నిమిరి, మెల్లిగా మూత పెట్టేశాడట. మా ఆయన సంతోషమనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఎంపికల్లో వాడు నెగ్గలేదు. ఆఖరి స్థానాల్లో ఎక్కడో ఉన్నాడని పెద్దాయన రాశారు. తమ్ముడు రాసింది మూడే వాక్యాలు, రైఫిలు చాలా బాగుంది అక్కా, తప్పు నాదే, నువ్వు బాధపడకు అని. బాధపడడమా, మండిపడ్డాను. కడుపు కట్టుకుని చేయించి పంపితే శ్రద్ధ లేకుండా ఆడుకున్నావా, అమ్మ చేతులు చూసైనా బుద్ధి రాలేదా, నీ రాతలో సిమెంటు మొయ్యడమే ఉంటే నేనేం చెయ్యను అని నాలుగు పేజీలు రాశాను. ఆ ఉత్తరాన్ని నా చేతులతోనే పోస్టు డబ్బాలో వేశాను. వాడు దానికి జవాబు రాయలేదు. ఎనిమిది నెలలకు వాడే వచ్చాడు, మెసయీద్ దారిలో ఒక కట్టుబడి కంపెనీలో హెల్పరు వీసా మీద.

ఇక నేను అన్నం వడ్డించే వరుసలో శుక్రవారం శుక్రవారం వాడూ కూర్చునేవాడు. మొదట్లో నేను ముభావంగానే ఉన్నాను, తరవాత వాడి అరచేతులు చూశాక కోపం నిలవలేదు. ఒక శుక్రవారం, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దుకాణాలు తెరిచే వేళ, ఆ ఉస్తాద్‌ను ఒకసారి చూపించక్కా, మంచి పనివాడు, సలాం చెప్పి వస్తానన్నాడు. తీసుకువెళ్ళాను. ముసలాయన పొంగిపోయాడు. పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించి, అప్పుడే బాగుచేసిన ఒక రైఫిలు తీసి, చూడు బేటా ఎలా ఉందో అని వాడి చేతుల్లో పెట్టాడు.

తమ్ముడు దాన్ని అందుకున్నాడు. ఏమీ ఆలోచించకుండా, గాలి పీల్చినంత సులువుగా, దాన్ని ఎడమ భుజానికి ఎత్తి, ఎడమ బుగ్గ ఆనించి, కుడి కన్ను మూశాడు. ఆ నిలబడిన తీరు ఏమని చెప్పను! నేను పెంచిన పిల్లవాణ్ణి అంత నిబ్బరంగా, అంత అందంగా నిలబడి ఉండగా నేను ఎన్నడూ చూడలేదు.

ఉస్తాద్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు.

"బీబీ, ఆప్ నే తో సీధా బోలా థా," అన్నాడు మెల్లిగా, మీరు కుడిచేతివాడనే చెప్పారు కదా అని.

తమ్ముడు ఉలిక్కిపడి రైఫిలు కుడి భుజానికి మార్చుకున్నాడు. "లేదక్కా, నేను రెండు చేతులతోని కాలుస్త," అన్నాడు. అబద్ధం ఆడడం వాడికి ఎప్పుడూ చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి. నేను అక్కడున్న పీట మీద కూలబడ్డాను.

తిరిగివచ్చేటప్పుడు టాక్సీలో అడిగాను.

"ఎందుకు రాయలేదురా? ఒక్క ముక్క రాస్తే ఆ చెక్క మార్పించకపోదునా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "క్లబ్బు రైఫిల్‌కు గివన్నీ లేకుండె అక్కా, ఎట్ల పట్టుకున్నా ఒకటే. చెక్కకు కూడ కుడి ఎడమ ఉంటదని నాకెర్కలేదు. నీది వచ్చినంక చూస్తే బుగ్గ ఆనే ఎత్తు కుడిచేతోళ్ళకు పెట్టి ఉంది. అప్పటికే సార్ క్లబ్బుది ఇంకో పోరనికి ఇచ్చిండు, నీకు సొంతం వచ్చింది గదరా అన్నడు. రెండు నెలలు కుడి చేత్తో నేర్చుకుందమని చూసిన."

"మరి నాకు చెప్పాలి గదరా!"

"ఏమని చెప్పాలె? ఎడమ చేత్తోనే కాలుస్తున్న అంటే నువ్వు కోపం జేస్తవనుకున్న."

ఇరవై మూడేళ్ళవాడు. చిన్నప్పటి పేలిక భయం అప్పటికీ వాడి గుండెలో అలాగే ఉంది. నేను ఏడుస్తుంటే, టాక్సీవాడు అద్దంలో చూస్తున్నాడు ఊకో అక్కా అని వాడే నన్ను ఓదార్చాడు. ఇంటికి వెళ్ళాక ఆ నాలుగు పేజీల ఉత్తరం చింపెయ్యమని చెప్పాను. ఎప్పుడో చింపిన అన్నాడు, అది కూడా అబద్ధమేనని వాడి మొహం చెప్పింది.

వాడు పందొమ్మిదేళ్ళు ఎడారిలో ఇటుకలు మోశాడు. నడుము పాడయ్యాక ఇంటికి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఆ రైఫిలు క్లబ్బుకు ఇచ్చేశాడు, ఎవరో కుడిచేతి పిల్లవాడు దాంతో పతకం కూడా కొట్టాడట, ఆ కబురు నాకు ఎంతో సంబరంగా ఫోను చేసి చెప్పాడు. నేను ఫోను పెట్టేసి గోడకు తల కొట్టుకున్నంత పని చేశాను.

ఈ రోజుల్లో అయితే ఒక్క ఫోటో పంపితే నిమిషంలో తేలిపోయేది అంటారు మావారు, నన్ను ఊరడించడానికి. అప్పట్లో ట్రంకు కాల్ చేస్తే నిమిషానికయ్యే ఖర్చుకే గుండె జారిపోయేదనీ, ఉత్తరం పోయి రావడానికి నెల పట్టేదనీ, కాలమే అలాంటిదనీ అంటారు. నిజమే, ఇప్పుడు అన్నీ దగ్గరైపోయాయి, పిల్లల్ని కొట్టి చేతులు మార్పించే మూర్ఖులూ తగ్గారు. కానీ ఉస్తాద్ అడిగినది ఫోను చేసి తెలుసుకోవలసిన సంగతి కాదు. వాణ్ణి పెంచిన నాకు తెలుసు. ఆ తెలిసినదాన్ని వాడి ఒంట్లోంచి పూర్తిగా తీసేశానని నమ్మాను, అంతే. కాలం మీదికి ఎలా తోసెయ్యను?

వాడికి యాభై దాటాయి. ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వస్తాడు, నా చేతి వంటంటే ఇప్పటికీ ప్రాణం. ఏ చేత్తో తింటే ఏంరా, నీ ఇష్టమొచ్చినట్టు తిను అని వచ్చిన ప్రతిసారీ అంటాను. నవ్వుతాడు, సరే అక్కా అంటాడు, కంచం ముందుకు జరుపుకుని, ఎడమ చేతిని నాకు కనపడకుండా వీపు వెనక్కి పెట్టుకుంటాడు.